ఊఫర్ వచ్చింది.. వైరు ఎక్కడ కలపాలి?

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు సూళ్లూరుపేటలో మేడలన్నీ జనంతో నిండిపోతాయి. ముందు వెలుగు కనిపిస్తుంది. చప్పుడు మాత్రం తాపీగా వస్తుంది. గాలిలో శబ్దం కిలోమీటరు నడవడానికి సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది మరి! ఎంత దూరంలో నిలబడితే అంత ఆలస్యం. తీరా వచ్చాక అది చెవితో పాటు ఛాతీకీ తగులుతుంది. కిటికీ అద్దాలు గలగలమంటాయి. రాకెట్ అరుపులోని సన్నటి శబ్దాలను దారిలో గాలి మింగేస్తే, లావుపాటి శబ్దాలు మిగిలి మనదాకా వస్తాయన్నమాట. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలిసారి ఎగిరింది చిన్న రోహిణి రాకెట్. తర్వాత రాకెట్లు పెద్దవవుతున్న కొద్దీ దరువూ పెరిగింది.

ఆ లావుపాటి శబ్దాన్నే చిన్న మోతాదులో ఇంట్లో పుట్టించే పెట్టె సబ్ ఊఫర్. మన చెవి 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుందని చెబుతారు. అందులో అడుగున ఉన్న 20 నుంచి వంద, నూట ఇరవై దాకా మాత్రమే దీని వాటా. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. అరచేయంత స్పీకరున్న చిన్న సెట్టు ఆ స్వరాన్ని పలికించలేదు. నటిస్తుందంతే.

సరే, అసలు కథకొద్దాం. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఓ ఇల్లు ఊహించుకోండి. రొయ్యల గుంటల మధ్య రెండు గదుల డాబా. నాయనకు ఓ చిన్న స్టీరియో సెట్టుంది. ఎప్పుడో ఇష్టపడి కొనుక్కున్నది. రెండు పక్కలా రెండు చిన్న బాక్సులు, వాటి వెనక ‘6 ఓమ్స్’ అని చీటీ. గుంటల దగ్గర్నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుంటే ఘంటసాల, లేదంటే బాలు. పక్కింటి వాళ్లకు కూడా అదే టైం గడియారం.

కొడుకు నెల్లూరులో అక్క ఇంటి నుంచి ఓ నల్ల పెట్టె మోసుకొచ్చాడు. వాళ్ల హోం థియేటర్‌లో డీవీడీ ప్లేయరు చచ్చిపోయింది. ఐదు చిన్న స్పీకర్లు పిల్లలు ఎటో విసిరేశారు. ఊఫర్ డబ్బా మాత్రం గట్టిగానే ఉంది. కరెంటు వైరు లేదు, స్విచ్చి లేదు, వెనక రెండే రెండు తీగలు. కుర్రాడు ఏం చేశాడూ? ఎవరైనా చేసేదే! ఆ రెండు తీగల్నీ కుడి పక్క బాక్సు తీగలతో కలిపి మెలేశాడు.

పాట పలికింది. గదిలో గుబగుబ మొదలైంది. రెండు రోజులు సంబరమే. మూడో రోజు పాట మధ్యలో సెట్టు టక్కున ఆగిపోయింది. పైన చెయ్యి పెడితే కాలుతోంది. అరగంట తర్వాత మళ్లీ పలికింది. ఇంకో పాట.. మళ్లీ టక్.

‘ఏందిరా ఇది, నా సెట్టును ఏం చేశావ్?’ అన్నాడు నాయన.

ఆ ప్రశ్న కోసమే ఈ వారం శీర్షిక.

గొట్టం వెడల్పయితే మోటారుకు చేటు

రెండు రకాల సబ్ ఊఫర్లున్నాయి. ఒకదాంట్లో యాంప్లిఫయరు లోపలే ఉంటుంది. వెనక కరెంటు వైరుంటుంది. దాన్ని యాక్టివ్ అంటారు. రెండోది ఈ అక్క ఇంటి పెట్టె లాంటిది. లోపల స్పీకరు, చుట్టూ చెక్క, గాలి పోయే గొట్టం.. అంతే. పేరు పాసివ్. సొంత బలం లేదు. ఎవరో ఒకరు తోయాలి. హోం థియేటర్‌లో ఆ తోసే పని చేసింది డీవీడీ ప్లేయరు లోపలున్న యాంప్లిఫయరు. అది పోయాక ఊఫర్‌కు దిక్కు లేకుండా పోయింది.

మరి నాయన సెట్టు తోయలేదా? తోస్తుంది. ఎంతసేపన్నదే సమస్య. ఆ బాక్సుల వెనకుండే ‘ఓమ్స్’ అంకె యాంప్లిఫయరుకు ఎదురయ్యే అడ్డు ఎంతో చెబుతుంది. రొయ్యల గుంటకు నీళ్లు తోడే మోటారును తలచుకోండి. గొట్టం సన్నగా ఉంటే నీళ్లు తక్కువ వెళ్తాయి. వెడల్పుగా ఉంటే ఎక్కువ వెళ్తాయి. ఓమ్స్ తగ్గడమంటే గొట్టం వెడల్పు కావడమే. రెండు 6 ఓమ్స్ బాక్సుల్ని ఒకే చోట కలిపితే యాంప్లిఫయరుకు కనిపించేది 3 ఓమ్స్. హోం థియేటర్ల ఊఫర్లు చాలావరకు 3, 4 ఓమ్స్‌వే. 6కు 3 కలిపితే తేలేది 2 ఓమ్స్! అంటే అదే పాటకు, అదే వాల్యూమ్‌కు మూడింతల కరెంటు లాగుతుంది. సెట్టు కాలక ఏం చేస్తుంది? అదృష్టం బాగుంటే లోపలి రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది. నాయన సెట్టు చేసింది అదే. అది లేని సెట్టయితే పొగ!

ఇది చాలదన్నట్టు పాట కూడా పాడైపోతుంది. ఊఫర్‌కు వడపోత లేకుండా మొత్తం పాటను పంపిస్తే అది బేస్ ఒక్కటే పలకదు. గాయకుడి గొంతు కూడా అందుకుంటుంది. బావిలోంచి పాడుతున్నట్టు వినిపిస్తుంది. బాలుది మన నెల్లూరే. తిప్పరాజువారి వీధిలోని పూర్వీకుల ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించింది 2020 ఫిబ్రవరిలో. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయాడు. ఆ గొంతును నెల్లూరు జిల్లాలోనే బావిలోకి దించడం న్యాయమా చెప్పండి!

నల్ల తీగలన్నీ ఒకటి కావు

కుర్రాడు సెట్టు చంకన పెట్టుకుని ఊళ్లో మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. దారిలోనే అతనికి ఇంకో రెండు ఉపాయాలు తట్టాయి. ఇవి దాదాపు అందరికీ తట్టేవే కాబట్టి వినండి.

‘అన్నా, కుడి ఎడమ రెండు పక్కల నుంచీ తీగలు తెచ్చి ఊఫర్‌కు కలిపితే భారం సగం సగం పంచుకుంటాయి కదా?’

‘అబ్బయ్యా, ఆ పని మాత్రం చెయ్యబాక. రెండు ఎర్ర తీగలు ముడేస్తే కుడి యాంప్లిఫయరు ఎడమదాన్ని తోస్తుంది, ఎడమది కుడిదాన్ని తోస్తుంది. మధ్యలో ఊఫర్ ఊరికే చూస్తా ఉంటుంది.’

‘పోనీ నల్ల తీగలు ముడేస్తే?’

‘అదీ అన్ని సెట్లలో కుదరదు.’

మెకానిక్ మాట నిజం. పాత సెట్లలో రెండు నల్ల తీగలూ లోపల ఒకే చోటికి, గ్రౌండుకు వెళ్లేవి. చిన్న సెట్లు, కారు సెట్లు చాలావాటిలో అలా కాదు. ఎర్ర తీగకు ఒక యాంప్లిఫయరు, నల్ల తీగకు ఇంకొకటి. రెండూ వ్యతిరేక దిశల్లో తోస్తాయి. దీన్ని బ్రిడ్జ్ పద్ధతి అంటారు. తక్కువ ఓల్టేజీతో ఎక్కువ శబ్దం రాబట్టే కిటుకది. అలాంటి సెట్టులో రెండు నల్ల తీగల్ని ముడేస్తే ఐసీ ప్రాణం మీదికి వస్తుంది. తెలుసుకోవడం తేలికే. సెట్టు ప్లగ్ పీకేసి, బాక్సుల తీగలు ఊడదీసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి రెండు నల్ల టెర్మినళ్లనూ తాకించాలి. కూత రాకపోతే ఆ రెండూ వేర్వేరు అని అర్థం. వాటి జోలికి పోకూడదు.

రెండో ఉపాయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఊఫర్‌ను కుడి ఎర్ర తీగకూ ఎడమ ఎర్ర తీగకూ మధ్య కడితే? పలుకుతుంది. కానీ ఏం పలుకుతుంది! కుడికీ ఎడమకూ మధ్య ఉన్న తేడా మాత్రమే. రికార్డింగుల్లో బేస్ గిటార్, పెద్ద డ్రమ్ము, గాయకుడి గొంతు మామూలుగా రెండు పక్కలా సమానంగా ఉంటాయి. సమానమైతే తేడా సున్నా. బేస్ కోసం పెట్టిన పెట్టెలో బేసే ఉండదు. గాయకుడూ మాయం. మిగిలేది కోరస్ తోక, వయొలిన్ ముక్క.

కొన్ని పెట్టెలకు దారుంది

అందరి పెట్టెలూ అక్క ఇంటి పెట్టెలా ఉండవు. కొన్ని పాసివ్ ఊఫర్ల వెనక రెండు కాదు, ఎనిమిది టెర్మినళ్లుంటాయి. సెట్టు నుంచి కుడి, ఎడమ లోపలికి.. అక్కడి నుంచి చిన్న స్పీకర్లకు కుడి, ఎడమ బయటికి. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్ స్థాపించిన కంపెనీ 1987లో తెచ్చిన అకౌస్టిమాస్ సెట్టు ఈ పద్ధతికి పేరు తెచ్చింది. లావు శబ్దాన్ని తన దగ్గర ఉంచుకుని, మిగతాది చిన్న స్పీకర్లకు వదిలే వడపోత ఆ పెట్టెలోనే ఉంటుంది. కుడికీ ఎడమకూ వేర్వేరు దారులు కాబట్టి తగువు లేదు. మీ పెట్టె వెనక అలాంటి వరుస ఉంటే సెట్టు తీగలు దానికి, దాని తీగలు మీ బాక్సులకు. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. పెట్టె మీద రాసిన ఓమ్స్, సెట్టు వెనక రాసిన ఓమ్స్‌కన్నా తక్కువ కాకుండా చూసుకుంటే పని అయిపోయినట్టే.

అయితే ఆ వడపోతను మనమే తయారుచేసుకోలేమా అని కాస్త చదువుకున్న కుర్రాళ్లు అడుగుతారు. లెక్క కట్టి చూద్దాం. 100 హెర్ట్జ్ దగ్గర గీత గీయాలంటే 6 ఓమ్స్ బాక్సుకు 265 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ వరుసలో పెట్టాలి. అదీ ప్లస్ మైనస్ లేని నాన్ పోలార్ రకం. 3 ఓమ్స్ ఊఫర్‌కు 4.8 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. సన్న తీగతో చుడితే ఆ తీగే కరెంటును తినేస్తుంది. లావు తీగతో చుడితే రాగి ధర చూసి ఊఫర్ వద్దనిపిస్తుంది. ఇంత చేసినా లావు శబ్దాల దగ్గర సెట్టుకు ఎదురయ్యేది అదే 3 ఓమ్స్. జబ్బు అలాగే ఉంది, ఖర్చు మాత్రం అయింది!

దానికో సొంత ఎద్దు

మెకానిక్ ఈ లెక్కలేవీ చెప్పలేదు. ‘దీనికి సొంతంగా చిన్న యాంప్లిఫయరు పెడదాం. మీ నాయన సెట్టును ఇబ్బంది పెట్టొద్దు’ అన్నాడు. సరైన మాట.

మన దగ్గర దీనికి కొదవ లేదు. 4440 అంటే చాలు, పాతకాలపు మెకానిక్ కళ్లు మెరుస్తాయి. సాన్యో వాళ్ల ఎల్ఏ 4440 ఐసీ అది. 12 ఓల్టుల బ్యాటరీ మీద కూడా పాడుతుంది. ఆటోల్లో, ట్రాక్టర్లలో, పల్లెల్లో చెక్క పెట్టెల్లో ఎన్ని పాటలు మోసిందో! రెండు వైపులకూ 6 వాట్ల చొప్పున, రెండూ కలిపి ఒకే స్పీకరును తోస్తే 19 వాట్లు అని దాని కాగితం చెబుతుంది. దాని తర్వాత టీడీఏ 2030. ఇప్పుడైతే తక్కువ వేడితో పనిచేసే క్లాస్ డీ బోర్డులు. వడపోత, వాల్యూమ్ బోర్డు మీదే ఉన్న ‘సబ్ ఊఫర్ బోర్డు’ అని అడగాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో తిరిగినవాళ్లకు ఇవి కొత్త కాదు. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే.. మీ ఊఫర్ ఓమ్స్‌ను అది మోస్తుందా? 4 ఓమ్స్‌కు తగ్గకూడదని రాసి ఉన్న బోర్డుకు 3 ఓమ్స్ ఊఫర్ తగిలిస్తే కథ మొదటికొస్తుంది.

వాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2000ల్లో డబ్బాల మీద ‘2000 వాట్స్ పీఎంపీఓ’ అని నిప్పురవ్వల బొమ్మతో అచ్చేసేవారు. అదే సెట్టు వెనక చీటీ చూస్తే గోడ నుంచి తీసుకునే కరెంటు నలభై, యాభై వాట్లు. యాభై తీసుకుని రెండు వేలు ఎక్కడి నుంచి ఇస్తుందో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. చూడాల్సింది ఆర్ఎంఎస్ అంకె. చిన్న గదికి 20, 30 నిజమైన వాట్లు చాలు.

ఇక పాటను సెట్టు నుంచి ఈ కొత్త యాంప్లిఫయరుకు ఎలా తేవాలి? సెట్టు వెనక ‘సబ్ అవుట్’ గానీ ‘లైన్ అవుట్’ గానీ ఉంటే అంతకన్నా కావల్సిందేముంది. హెడ్‌ఫోన్ రంధ్రం వాడొచ్చు కానీ చాలా సెట్లలో అక్కడ పిన్ను పెట్టగానే బాక్సులు మూగబోతాయి. నాయన సెట్టులో అదే జరిగింది. అప్పుడు కారు ఆడియో షాపుల్లో దొరికే ‘హై లో కన్వర్టర్’ కావాలి. అగ్గిపెట్టెకు అన్నలాంటి డబ్బా. దాని తీగలు బాక్సుల టెర్మినళ్లకే కలుస్తాయి, కానీ అది లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. సెట్టుకు తెలియనే తెలియదు. నల్ల తీగలు వేర్వేరుగా ఉన్న సెట్లకు లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకమే అడిగి తీసుకోవాలి.

నాయన సెట్టులో ఐసీ బతికే ఉంది. మెకానిక్ దుమ్ము దులిపి, వేడి లాగే రేకు కింద పేస్టు రాసి ఇచ్చాడు.

ఎక్కడ పెట్టాలి.. ఎంత పెట్టాలి

ఇంటికొచ్చాక అసలు పని. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మన గది దానికి అగ్గిపెట్టె. 12 అడుగుల గదిలో రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఊగిపోతుంది. ఒకచోట చెవులు దద్దరిల్లుతాయి, మూడడుగులు జరిగితే ఏమీ ఉండదు. దీనికో పాత చిట్కా ఉంది. ఊఫర్‌ను నాయన కుర్చీలో కూర్చోబెట్టాలి! పాట పెట్టి, మీరు గోడ వెంబడి వంగి నడవాలి. ఎక్కడ బేస్ శుభ్రంగా, ముద్దకట్టకుండా వినిపిస్తే అక్కడ ఊఫర్, కుర్చీలో మళ్లీ నాయన. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మూలన పెడితే శబ్దం పెరుగుతుంది, ముద్ద కూడా అవుతుంది. తర్వాత ఊఫర్ దగ్గర ఎర్ర, నల్ల తీగల్ని ఒకసారి తిరగేసి చూడాలి. ఏ పక్క బేస్ ఎక్కువ వస్తే అదే సరైన పక్క. రెండో పక్కలో బాక్సులు ముందుకు తోస్తుంటే ఊఫర్ వెనక్కి లాగుతుంటుంది. వడపోతను 80, 100 మధ్య పెట్టి, బాక్సుల తీగలు తాత్కాలికంగా తీసేసి, ఊఫర్ ఒక్కదాన్నీ పలికించండి. బాలు పాటలో మాటలు అర్థమవుతున్నాయంటే వడపోత ఇంకా తగ్గించాలి. మాటలు పోయి దరువు మాత్రమే మిగలాలి. మృదంగం ఎడమవైపుకు రవ్వ ముద్ద అంటిస్తారే, ఆ ముద్ద తెచ్చే గుంభనం.. అదొక్కటే ఊఫర్ సొమ్ము.

ఉప్పుగాలి ఊరుకోదు

తీరం ఊళ్లలో ఇంకో శత్రువు ఉంది. రాగి తీగ కొస బయట పెడితే కొన్నాళ్లకే నల్లబడి, పచ్చ పొడి కడుతుంది. స్ప్రింగు టెర్మినళ్లకు తుప్పు. శబ్దం సగమై ‘ఊఫర్ పోయింది’ అనుకుంటారు. పోయింది ఊఫర్ కాదు, కొస! వానాకాలం దాటాక అంగుళం కత్తిరించి కొత్త కొస చెక్కితే చాలు. పడవల్లో వాడే తగరం పూసిన రాగి తీగ దొరికితే ఇంకా మంచిది.

స్పీకరు అట్ట చుట్టూ ఉండే రింగు స్పాంజిదైతే వేలితో మెల్లగా తాకి చూడండి. పాతబడింది తడిసిన అప్పడంలా ఊడొస్తుంది. రబ్బరు రింగు వేయిస్తే మళ్లీ ఏళ్లు నడుస్తుంది. పెట్టెను నేలకు ఆనించొద్దు. పొట్టు చెక్క చెమ్మ పీల్చి బూరెలా ఉబ్బుతుంది. నాలుగు రబ్బరు ముక్కలు చాలు. గాలి గొట్టానికి దోమతెర గుడ్డ తగిలించండి. బల్లులకూ ఎలుకలకూ అంతకన్నా మంచి అద్దె ఇల్లు దొరకదు.

పొరుగువాళ్ల సంగతీ ఉంది. రాకెట్ చప్పుడులాగే లావు శబ్దం గోడల్ని లెక్కచేయదు. మీకు పాట, పక్కింటి వాళ్లకు గుబగుబ మాత్రమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. పది దాటాక ఊఫర్ స్విచ్ ఆపేస్తే సెట్టు ఎప్పటిలాగే పాడుకుంటుంది. విడి యాంప్లిఫయరుతో ఉన్న సుఖమిదే. ఆన్ చేసేటప్పుడు సెట్టు ముందు, ఊఫర్ తర్వాత. ఆపేటప్పుడు ఊఫర్ ముందు. లేదంటే ధబ్ మని కొడుతుంది.

మైపాడు దారిలో ఆ ఇంట్లో సాయంత్రానికి అన్నీ కుదిరాయి. కుర్రాడు వాల్యూమ్‌ను తగ్గించి తగ్గించి పెట్టాడు. నాయన రెండు పాటలు విన్నాడు. తర్వాత మూలనున్న నల్ల పెట్టె వైపు అనుమానంగా చూశాడు.

‘ఏందిరా, అది పలకడంలా?’

కొడుకు ఏం చెప్పలేదు. లేచి ఊఫర్ స్విచ్ ఆపేశాడు. పాట సాగుతోంది. సగం చరణం దాటిందో లేదో నాయన కుర్చీలో కదిలాడు.

‘ఉండనీరా.. ఎయ్యి దాన్ని.’